రంగు కంటే నెల ముఖ్యం: సరిహద్దు జిల్లాల్లో రెండు ఫ్లైక్యాచర్ల తికమక

సంక్షిప్తంగా

రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్, టైగా ఫ్లైక్యాచర్ చూపుకు దాదాపు ఒకేలా ఉండే రెండు చలికాలపు వలస పిట్టలు. మొదటిది ప్రధానంగా దేశపు పడమటి, మధ్య భాగాలకు వస్తుంది. రెండోది తూర్పు, ఈశాన్య భాగాలకు వస్తుంది. తెలుగువారు నివసించే మహారాష్ట్ర, ఒడిశా సరిహద్దు జిల్లాలు ఈ రెండు పరిధులూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయే మేరలో ఉన్నాయి. గొంతు ఎరుపును మాత్రమే నమ్ముకుంటే గుర్తింపు తప్పుతుంది. చూసిన నెల, తోక మొదట్లో ఉండే ఈకల నలుపు, అరుపు వేగం కలిపి చూస్తేనే తేడా తేలుతుంది.

తికమక ఎక్కడ మొదలవుతోంది

ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఆ రోజుల్లో సీతంపేట ఏజెన్సీ నుంచి ఉట్నూరు దాకా ఊరి తోటల్లో తీసిన చిన్న పిట్టల ఫొటోలు పక్షి ప్రియుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటాయి. వాటిలో తరచుగా వాదనకు దారితీసేది గోధుమ రంగు వీపు, తెల్లని పొట్ట, నల్లటి తోకకు మొదట్లో రెండు పక్కలా తెల్లని మచ్చలు ఉండే ఒక బుల్లి పిట్ట. పొడవు 11 నుంచి 12 సెంటీమీటర్లు, బరువు 10 గ్రాములకు అటూ ఇటూ. కొమ్మ మీద వాలిన ప్రతిసారీ తోకను పైకి ఎగరేస్తుంది, రెక్కలను కాస్త కిందికి జారవిడుస్తుంది, ఎగిరే పురుగును గాలిలోనే అందుకుంటుంది, అప్పుడప్పుడు నేల మీదికి దిగి చీమనో చిన్న పురుగునో ఏరుకుని మళ్ళీ కొమ్మెక్కుతుంది.

ఇది ఫ్లైక్యాచర్ అని చెప్పడంలో పేచీ లేదు. తోక మొదట్లోని ఆ తెలుపు కనిపిస్తే ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్ వంటి ఇతర గోధుమ రంగు పిట్టలన్నీ పోటీలోంచి తప్పుకుంటాయి. పేచీ ఆ తరువాతి మెట్టు దగ్గరే వస్తుంది. ఆ తెల్ల మచ్చలు రెండు జాతులకూ ఉన్నాయి. తోక ఆడించడం, కొమ్మ ఎంచుకునే తీరు, తినే తిండి కూడా రెండింటికీ ఒకటే. మామిడి తోపు, చింతల నీడ, వాగు ఒడ్డున చెట్ల వరుస, ఉద్దానంలోని జీడితోట, కొరాపుట్ కొండల మీది కాఫీ తోట, ఆదిలాబాద్ వైపు ఇప్పచెట్లూ టేకూ కలిసిన అడవి అంచు, ఇలాంటి చోట్లన్నీ రెండింటికీ సరిపడతాయి. కాబట్టి నడవడినో నివాసాన్నో చూసి విడదీసే అవకాశం లేదు.

ఒక జాతి రెండుగా విడిపోయిన తీరు

రెడ్-బ్రెస్టెడ్‌కు శాస్త్రీయ నామం ఫిసెడ్యులా పార్వా, టైగాకు ఫిసెడ్యులా ఆల్బిసిల్లా. మొదటి పేరును 1792లో బెక్‌స్టయిన్, రెండో పేరును 1811లో పల్లాస్ పెట్టారు. అంటే రెండింటినీ వేర్వేరుగా వర్ణించి రెండు శతాబ్దాలు దాటింది. అయినా 20వ శతాబ్దంలో చాలా కాలం ఆల్బిసిల్లాను పార్వాలో ఒక ఉపజాతిగానే లెక్కించారు. భారతదేశంలో పక్షులను చూసేవారి చేతుల్లో ఉండిన పాత గైడ్లలో రెండింటికీ ఒకే పేరు, ఒకే బొమ్మ, ఒకే పటం ఉండేవి.

2000 తరువాతి సంవత్సరాల్లో ఈ లెక్క మారింది. మగ పక్షి ఎప్పుడు ఎరుపు వేసుకుంటుంది, ఎప్పుడు వదులుతుంది, పాట ఎలా సాగుతుంది, మైటోకాండ్రియా డీఎన్ఏ ఎంత దూరం జరిగింది అన్న ప్రశ్నలన్నింటికీ జవాబులు ఒకే దిక్కు చూపడంతో ప్రధాన జాబితాలు రెండింటినీ స్వతంత్ర జాతులుగా అంగీకరించాయి. వీటిలో పాటకు ప్రత్యేక విలువ ఉంది. రెడ్-బ్రెస్టెడ్ మగది గూడు కట్టే చోట పాడే పాట స్పష్టమైన స్వరాలతో మొదలై మెట్లు దిగినట్టు కిందికి సాగుతుంది. టైగా పాట వేగంగా, ముక్కలు ముక్కలుగా, మధ్యలో గరగరలతో నడుస్తుంది. పాట జత కట్టడానికి పిలుపు కనుక, పిలుపులు ఇంతగా వేరైన రెండు జనాభాలు ఉరల్ పర్వతాల పరిసరాల్లో ఎదురుపడినా కలగలిసి ఒకటి కాకుండా నిలిచే అవకాశం ఎక్కువ. ఫిసెడ్యులా ప్రజాతిలోనే ఇంకొక జంట, యూరప్‌లోని పైడ్, కాలర్డ్ ఫ్లైక్యాచర్లు, బాల్టిక్ సముద్రంలోని ఓలాండ్, గాట్‌లాండ్ దీవుల్లో పక్కపక్కనే గూళ్ళు కట్టుకుంటూ అప్పుడప్పుడు సంకరం అవుతూ కూడా వేరు జాతులుగానే మిగిలాయి. జాతులు విడిపోయే క్రమాన్ని పరిశీలించే జీవశాస్త్రవేత్తలకు ఈ ప్రజాతి ఇష్టమైన ఉదాహరణ కావడానికి అదే కారణం.

రెండు దారులు, ఒక దేశం

రెడ్-బ్రెస్టెడ్ గూడు కట్టే ప్రాంతం మధ్య, తూర్పు యూరప్ నుంచి ఉరల్ వైపు సాగుతుంది. టైగా గూడు కట్టే ప్రాంతం దాదాపు అక్కడ మొదలై సైబీరియా మీదుగా పసిఫిక్ ఒడ్డున కమ్చాట్కా దాకా విస్తరించింది. యూరప్‌లో గూడు కట్టి పురుగులు తినే చిన్న పిట్టల్లో అత్యధికం చలికాలానికి ఆఫ్రికా పోతాయి. రెడ్-బ్రెస్టెడ్ మాత్రం ఆగ్నేయానికి తిరిగి భారత ఉపఖండానికి వస్తుంది. పోలండ్‌లో పుట్టిన పిట్ట ఆదిలాబాద్ చేరాలంటే నేరుగా కొలిచినా 6,000 కిలోమీటర్ల దూరం. రోజీ స్టార్లింగ్, బ్లాక్-హెడెడ్ బంటింగ్ వంటి మరికొన్ని పక్షులు కూడా ఇదే బాట పడతాయి. తూర్పున ఉండిన పూర్వీకులు క్రమంగా పడమటికి వ్యాపించినా, చలికాలపు ప్రయాణంలో మాత్రం వచ్చిన దారినే వెనక్కి నడుస్తున్నాయన్నది దీనికి సాధారణంగా చెప్పే వివరణ. వలస దిక్కు చాలా చిన్న పిట్టల్లో పుట్టుకతో వచ్చేది కనుక ఈ వివరణ సమంజసంగానే కనిపిస్తుంది.

టిబెట్ పీఠభూమి, దాని చుట్టూ ఉన్న ఎడారులు పది గ్రాముల పిట్టకు సులువుగా దాటగలిగినవి కావు. ఉత్తరాసియా నుంచి దక్షిణానికి వచ్చే చిన్న పక్షులు చాలావరకు ఆ ఎత్తును పడమటి నుంచో తూర్పు నుంచో చుట్టి వస్తాయి. రెడ్-బ్రెస్టెడ్ మధ్య ఆసియా, పాకిస్తాన్ వైపు నుంచి దేశంలోకి దిగుతుంది. టైగాలో ఎక్కువ భాగం ఆగ్నేయాసియాకు పోగా, మిగిలినవి బంగ్లాదేశ్, ఈశాన్య రాష్ట్రాల మీదుగా తూర్పు భారతానికి చేరతాయి. ఈ రెండు ప్రవాహాలూ పలుచబడి ఒకదాని మీద ఒకటి పడే చోటే మధ్య భారతం, తూర్పు కనుమలు.

ఆ పటం మీద తెలుగు నేల సరిహద్దులను పరిస్తే విషయం తేటపడుతుంది. పెన్‌గంగ, ప్రాణహిత నదుల వెంట ఉన్న ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్, వాటికి అవతల చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలు రెడ్-బ్రెస్టెడ్ పరిధిలో ఉంటూ తూర్పు నుంచి వచ్చే టైగాకు కూడా తలుపు తెరిచి ఉంచిన చోట్లు. వంశధార, నాగావళి పారే రాయగడ, గజపతి, కొరాపుట్, వాటికి దిగువన పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం జిల్లాల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ టైగా ఊహించదగిన పక్షి, రెడ్-బ్రెస్టెడ్‌ను జాగ్రత్తగా నిర్ధారించుకోవాలి. ఇది తూకం ఎటు మొగ్గుతుందో చెప్పే మాటే తప్ప గీసిన గీత కాదు. సిరోంచలో కనిపించింది కనుక ఇది, పాతపట్నంలో కనిపించింది కనుక అది అనే వాదన రుజువు కిందికి రాదు. గైడ్లలోని పటాలు రెండు రంగులను స్పష్టమైన అంచుతో వేరు చేసి చూపడం ఈ అపోహను మరింత పెంచింది.

గొంతు ఎరుపు ఎప్పుడు కనిపిస్తుంది

అసలు చిక్కుముడి ఇక్కడ ఉంది. రెండు జాతుల్లోనూ ఎరుపు, సరిగ్గా చెప్పాలంటే నారింజ కలిసిన ఎరుపు, మగ పక్షికి మాత్రమే ఉంటుంది. ఆ ఎరుపు వచ్చే వయసు, ఉండే కాలం మాత్రం రెండింటిలో పూర్తిగా వేరు.

వేసవిలో గూటి పని ముగిశాక రెండు జాతుల పెద్ద పక్షులూ ఒంటి మీది ఈకలన్నీ మార్చుకుంటాయి. అప్పుడు వయసు వచ్చిన రెడ్-బ్రెస్టెడ్ మగదానికి గొంతు మీద మళ్ళీ ఎర్ర ఈకలే మొలుస్తాయి. అందువల్ల అది అక్టోబరులో వచ్చినా, జనవరిలో కనిపించినా, ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం కట్టినా ఎర్ర గొంతుతోనే ఉంటుంది. టైగా మగదానికి అదే సమయంలో గొంతు మీద తెల్లటి ఈకలు వస్తాయి. వలస వచ్చినప్పుడు అది ఆడ పక్షిలాగే ఉంటుంది; కొన్నింటిలో లేత నారింజ ఛాయ మిగలవచ్చు. ఆ తరువాత, చలికాలం ముగిసే వేళకు, సుమారు జనవరి చివరి నుంచి మార్చి లోపల, గొంతు ఈకలను మాత్రం మరొకసారి మార్చుకుని ఎరుపు తెచ్చుకుంటుంది. అంటే టైగా తన పెళ్ళి ముస్తాబును మన తోటల్లోనే వేసుకుని ఉత్తరానికి బయలుదేరుతుంది. యూరప్‌లోని పైడ్ ఫ్లైక్యాచర్ మగది కూడా ఇలాగే ఆఫ్రికాలో గోధుమ రంగులో గడిపి, తిరుగు ప్రయాణానికి ముందు నల్ల, తెల్ల ఈకలు తెచ్చుకుంటుంది. ఆ లెక్కన ఏడాది పొడవునా రంగు నిలుపుకునే రెడ్-బ్రెస్టెడ్ పద్ధతే కాస్త భిన్నమైనది.

వయసు విషయంలోనూ ఇలాంటి తేడాయే ఉంది. టైగా మగ పిల్ల తన మొదటి వసంతానికే ఎర్ర గొంతు సంపాదిస్తుంది. రెడ్-బ్రెస్టెడ్ మగ పిల్ల తొలి చలికాలమంతా, ఆ తరువాతి వేసవిలో కూడా, ఆడదానిలాగే గోధుమ రంగులో ఉంటుంది; ఆ ముస్తాబులోనే పాడుతుంది, జత కూడా కడుతుంది. రెండో శరదృతువులో గాని దానికి ఎరుపు రాదు. వచ్చిన తొలి ఏడాది ఆ మచ్చ గొంతు దగ్గరే ఆగి, వయసు పెరిగే కొద్దీ రొమ్ము మీదికి పాకుతుంది.

ఈ రెండు నియమాలను కలిపితే నెలల వారీగా ఏది సాధ్యమో, ఏది కాదో బయటపడుతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో నిండు ఎర్ర గొంతుతో కనిపించిన పిట్ట, అది పలాసలో కనిపించినా సరే, దాదాపు ఖాయంగా రెడ్-బ్రెస్టెడ్ మగది. అదే నెలల్లో తెల్ల గొంతు పిట్ట కనిపిస్తే అది రెడ్-బ్రెస్టెడ్ ఆడది కావచ్చు, తొలి చలికాలపు రెడ్-బ్రెస్టెడ్ మగది కావచ్చు, టైగా ఆడది కావచ్చు, ఏ వయసు టైగా మగదైనా కావచ్చు. ఎర్ర గొంతు లేదు కనుక రెడ్-బ్రెస్టెడ్ కాదు అనే మాట, వినడానికి ఎంత సహేతుకంగా ఉన్నా, ఆ నెలల్లో పూర్తిగా తప్పు. మహారాష్ట్ర సరిహద్దు అడవుల్లో చలికాలం గడిపే రెడ్-బ్రెస్టెడ్‌లలో ఆడవీ, తొలి ఏటి మగవీ అన్నీ తెల్ల గొంతువే అయినప్పుడు, ఎరుపు కోసం వెతికేవారు తమ ముందున్న పక్షుల్లో పెద్ద భాగాన్ని లెక్కలోంచి జార్చుకుంటారు.

ఫిబ్రవరి నుంచి కథ మారుతుంది. ఇప్పుడు ఎర్ర గొంతు రెండింటికీ ఉండవచ్చు కనుక, ఎరుపు ఉందా లేదా అన్న ప్రశ్నను వదిలి, ఆ ఎరుపు ఎక్కడ ఆగింది, దాని కింద ఏముంది అని చూడాలి. టైగాలో ఎరుపు గొంతుకే పరిమితమై, దాని అడుగున బూడిద రంగు పట్టీ ఒకటి రొమ్ముకు అడ్డంగా సాగి ఎరుపును మూసేస్తుంది. వయసు మీరిన రెడ్-బ్రెస్టెడ్‌లో ఎరుపు రొమ్ము పై భాగానికి దిగి, కింది మీగడ రంగులో కలిసిపోతుంది. రెండో చలికాలపు రెడ్-బ్రెస్టెడ్‌లో ఎరుపు గొంతు దగ్గరే ఆగినా, దాని కింద బూడిద పట్టీ ఉండదు. కనుక ఎరుపు పొడవు కంటే ఆ పట్టీ ఉండటం, లేకపోవడమే బలమైన ఆధారం. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ సరిగ్గా ఈ మార్పు మధ్యలో, టైగా మగవి సగం ఎరుపుతో సగం తెలుపుతో మచ్చలు మచ్చలుగా ఉండే వారాల్లో వస్తుంది. ఏడాదిలో అత్యధిక జాబితాలు చేరే రోజుల్లో ఇవీ ఉన్నాయి కనుక గందరగోళం కూడా అప్పుడే ఎక్కువ.

తోక మొదలు చూడటం

గొంతు ఏమీ చెప్పనప్పుడు వెనక వైపు చూడాలి. నడుము కింద, తోక ఈకల మొదళ్ళను పైనుంచి కప్పుతూ పొట్టి ఈకల గుత్తి ఒకటి ఉంటుంది. టైగాలో ఈ కప్పు ఈకలు బొగ్గు నలుపు. తోక ఈకలు కూడా నల్లవే అయినా వాటిలో కొద్దిగా గోధుమ జీర ఉండటం వల్ల, కప్పు ఈకలు తోక కంటే నల్లగానో కనీసం తోకతో సమానంగానో కనిపిస్తాయి. బూడిద కలిసిన గోధుమ నడుము ముగిసిన చోట ఒక్కసారిగా నలుపు మొదలవుతుంది. రెడ్-బ్రెస్టెడ్‌లో కప్పు ఈకలు గోధుమ నుంచి ముదురు గోధుమ దాకా ఉంటాయి. తోకే వాటికంటే నల్లగా ఉంటుంది. ఒక్క మాటలో, అత్యంత నల్లటి చోటు ఎక్కడన్నది ప్రశ్న. అది తోక మొదట్లో ఉంటే టైగా, తోకలోనే ఉంటే రెడ్-బ్రెస్టెడ్. మగ, ఆడ, పిల్ల అనే భేదం లేకుండా ఏ నెలలోనైనా పనికొచ్చే గుర్తు ఇది.

ఇంత మంచి గుర్తు వాడుకలో ఎందుకు తక్కువ? ఫొటోలు తీసే అలవాటే దీనికి ప్రధాన కారణం. కంటిలో మెరుపు పడేలా, గొంతు కనిపించేలా ముందు నుంచి తీసిన బొమ్మకే మెప్పు వస్తుంది. వెనక నుంచి తీసినవి అక్కడికక్కడే చెరిపేస్తారు. దానికి తోడు కప్పు ఈకలు పొట్టివి. పిట్ట రెక్కలు జారవిడిచి తోక ఎత్తినప్పుడే అవి తెరిపిన పడతాయి, మామూలుగా కూర్చున్నప్పుడు రెక్క కొసలు వాటిని మూసేస్తాయి. మామిడి చెట్టు చిక్కటి నీడలో తీసిన బొమ్మలో ముదురు గోధుమ కూడా నలుపుగానే పడుతుంది. ఆ ఫొటోను కంప్యూటర్‌లో వెలుతురు పెంచి చూస్తే తేడా బయటపడవచ్చు, బొమ్మ మరీ చీకటిగా ఉంటే పడకపోవచ్చు. అందుకే కప్పు ఈకల నలుపును విడిగా కాకుండా అదే ఫొటోలోని తోక నలుపుతో పోల్చాలి. రెండూ ఒకే నీడలో ఉంటాయి కనుక కెమెరా చేసే మోసం రెండింటికీ సమానంగా వర్తిస్తుంది.

ముక్కు, రొమ్ము, అరుపు

మిగిలిన గుర్తులు సాయం చేసేవే గాని ఒంటరిగా నిలిచేవి కావు. టైగా ముక్కు మొత్తం నల్లగా ఉంటుంది. రెడ్-బ్రెస్టెడ్ కింది ముక్కు మొదట్లో లేత రంగు కనిపిస్తుంది. కానీ టైగా పిల్లల్లోనూ ఆ లేత రంగు కొంత ఉండవచ్చు. రొమ్ము, పక్కలు రెడ్-బ్రెస్టెడ్‌లో వెచ్చని మీగడ రంగు, టైగాలో చల్లని బూడిద తెలుపు. టైగా గొంతు రొమ్ముకంటే తెల్లగా విడిగా కనిపిస్తుంది. సాయంత్రపు పసుపు వెలుగులో బూడిద కూడా మీగడలా కనిపిస్తుంది కనుక మధ్యాహ్నం ముందు తీసిన బొమ్మకు ఎక్కువ విలువ ఇవ్వాలి.

అరుపు సంగతి వేరు. పిట్ట ఆకుల్లో దాగి కనిపించకపోయినా ఇది చెవికి అందుతుంది. రెండూ పొడిగా చిరచిరమనే శబ్దమే చేస్తాయి, తేడా అంతా వేగంలోనే. సైకిల్ ఎత్తి పట్టుకుని వెనక చక్రాన్ని మెల్లగా తిప్పితే ఫ్రీవీల్ చప్పుడులో ఒక్కొక్క టిక్కునూ వేరు చేసి వినవచ్చు. రెడ్-బ్రెస్టెడ్ అరుపు అలా ఉంటుంది. చక్రాన్ని జోరుగా తిప్పితే టిక్కులన్నీ కలిసి ఒకే ఝుంకారమవుతాయి. టైగా అరుపు దానికి దగ్గర, కొత్తవారు పురుగు చప్పుడు అనుకునేటంతగా. రెండింటినీ ఒకసారి పక్కపక్కన విన్నవారికి ఈ తేడా మళ్ళీ మరుపు రాదు. అదీగాక ఫోన్‌లో రికార్డు చేసిన అర నిమిషం శబ్దాన్ని తరువాత ఎవరైనా పరిశీలించవచ్చు. ఫొటోకు ఇచ్చినంత విలువ శబ్దానికి ఇంకా ఇవ్వకపోవడం ఈ విషయంలో పెద్ద లోటు.

మూడో దగ్గరి బంధువు కశ్మీర్ ఫ్లైక్యాచర్. కశ్మీర్ ప్రాంతంలో గూడు కట్టి, పడమటి కనుమల్లోనూ శ్రీలంక కొండల్లోనూ చలికాలం గడుపుతుంది. దాని మగదానికి ఎరుపు మరింత ముదురుగా ఉండి, ఆ ఎరుపు చుట్టూ నల్ల అంచు ఉంటుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అది ముప్పున్న జాతి. ఈ సరిహద్దు జిల్లాల్లో బాగా ఎర్రగా ఉన్న ప్రతి పిట్టకూ ఆ పేరు పెట్టాలనే ఉత్సాహం సాధారణంగా ముదిరిన రెడ్-బ్రెస్టెడ్ దగ్గరే చల్లారుతుంది.

పాత రికార్డులను ఎలా చదవాలి

ఈ ప్రాంతపు పక్షుల గురించిన పాత రాతలు పేదవేమీ కావు. సలీం అలీ 1931-32లో నిజాం హైదరాబాద్ రాష్ట్రంలో సర్వే చేశారు. నేటి ఆదిలాబాద్ జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలో భాగం. తూర్పు కనుమల మీద వెర్నే సర్వేలో సేకరించిన పక్షుల వివరాలను విస్లర్, కినియర్ 1930లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో ప్రచురించారు. తరువాతి తరంలో విశాఖ మన్యంలో కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పరిశీలనలు ఉన్నాయి. అయితే రెండూ ఒకే జాతిగా ఉన్న కాలపు రాతల్లో పార్వా అనే పేరు కనిపిస్తే అది నేటి పార్వా అని వెంటనే అనుకోకూడదు. ఉపజాతి పేరు కూడా రాసి ఉందో లేదో చూడాలి. ఉంటే ఆ రికార్డు ఇప్పటికీ పనికొస్తుంది.

జిల్లాల పేర్లతో కూడా ఒక పీటముడి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. నేటి కొరాపుట్ జిల్లా అందులోంచి వచ్చిందే. అంతకు ముందు సేకరించిన నమూనా చీటీ మీద విశాఖపట్నం అని ఉంటే ఆ పిట్ట దొరికిన చోటు నేడు ఒడిశాలో ఉండే అవకాశం ఉంది. ఇంతా చేసి, మ్యూజియంలో భద్రపరిచిన నమూనాకు ఉన్న సౌలభ్యం నోటుపుస్తకంలోని రాతకు లేదు. నమూనాను వెనక్కి తిప్పి కప్పు ఈకలు చూస్తే తొంభై ఏళ్ళ తరువాత కూడా జాతి తేలుతుంది. రాతలో పేరు తప్ప ఇంకేమీ లేనప్పుడు దాన్ని రెండింటిలో ఏదో ఒకటి అనే గడిలోనే ఉంచాలి.

డేటా మీద పడే ప్రభావం

2002లో మొదలైన ఈబర్డ్, అంటే పక్షులను చూసినవారు తమ జాబితాలు చేర్చే వెబ్‌సైట్, ఇప్పుడు దేశంలో పక్షుల లెక్కలకు ప్రధాన ఖాతా పుస్తకం. 942 జాతుల స్థితిని అంచనా వేసిన 2023 నాటి స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక ఆ సమాచారం మీదే ఆధారపడింది. ఇలాంటి లెక్కల్లో రెండు జాతులు తారుమారైతే ఒకటి పెరిగినట్టు, మరొకటి తగ్గినట్టు లేని ధోరణి కనిపించగలదు.

తారుమారు ఒకే దిశలో జరిగితే హాని ఇంకా ఎక్కువ. ఈబర్డ్‌లో ప్రాంతాన్నీ కాలాన్నీ బట్టి జల్లెడ ఉంటుంది. ఒక జిల్లాలో అరుదని భావించే జాతిని నమోదు చేస్తే వివరణ అడుగుతుంది. మామూలనుకునే జాతిని నమోదు చేస్తే ఏమీ అడగదు. పేరు సూచించే మెర్లిన్ యాప్ కూడా స్థలాన్నీ తేదీనీ లెక్కలోకి తీసుకుంటుంది. ఇది చాలావరకు మేలే చేస్తుంది. కానీ ఇంతగా పోలిన జంట విషయంలో, సందేహంలో ఉన్న పరిశీలకుడు ప్రశ్న ఎదురుకాని పేరునే ఎంచుకుంటాడు. ఆసిఫాబాద్ వైపు రెడ్-బ్రెస్టెడ్, శ్రీకాకుళం వైపు టైగా అలా వివరణ లేకుండానే పోగుపడతాయి. తరువాత ఆ పోగునే చూసి ఇక్కడ ఇదే ఎక్కువ అని మరొకరు నిర్ణయించుకుంటారు. నిజమైన తేడా కొంత, అలవాటు వల్ల వచ్చిన తేడా కొంత కలిసి పటం మీద అసలు కంటే గట్టి గీత తయారవుతుంది.

దీనికి విరుగుడుగా ఈబర్డ్ జాబితాలోనే రెండు పేర్లకూ ఉమ్మడిగా ఒక గడి ఉంది. నవంబరులో ముందు నుంచి మాత్రమే కనిపించి, అరవకుండా ఎగిరిపోయిన తెల్ల గొంతు పిట్టకు సరైన చోటు అదే. జాబితాలో ఒక జాతి తగ్గుతుందని దాన్ని తప్పించుకునేవారు చాలామంది. శాస్త్రానికి మాత్రం తప్పు పేరు కంటే ఆ గడే ఎక్కువ ఉపయోగం.

నివాసాల మార్పును లెక్కించడానికి కూడా ఈ తేడా అవసరమవుతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లను పెద్ద ఎత్తున కూల్చింది. వలస పిట్టలు దిగే నెల అదే. ఇలాంటి విధ్వంసం తరువాత ఏ జాతి ఏ తోటను వదిలింది, ఏది కొండవైపు జరిగింది అని అడగాలంటే అంతకు ముందటి రికార్డుల్లో జాతి సరిగా తేలి ఉండాలి. కొండల మీద పోడు పొలాలు జీడితోటలుగా మారడం, మరోవైపు కాఫీ కింద నీడ చెట్లు పెరగడం కూడా ఇలాంటి ప్రశ్నలనే లేవనెత్తుతాయి.

ఈ దృష్టితో చూస్తే అత్యంత విలువైన రికార్డులు రావలసింది రెండు కొసల నుంచి కాదు, వాటి నడుమ ఉన్న నేల నుంచి. బెజ్జూరు అడవుల నుంచి ప్రాణహిత వెంట సిరోంచకు, అక్కడి నుంచి గోదావరి, ఇంద్రావతి సంగమం దాటి శబరి ఒడ్డున మల్కన్‌గిరి వరకు సాగే పట్టీలో తెలుగు, గోండి, మరాఠీ, ఒడియా మాట్లాడే ఊళ్ళున్నాయి. పక్షుల జాబితాలు మాత్రం అక్కడ పట్టణాల చుట్టుపక్కల కంటే చాలా తక్కువ. అక్కడ డిసెంబరులో వెనక నుంచి తీసిన ఒక ఫొటో, లేదా ఫోన్‌లో పట్టిన అర నిమిషం అరుపు, ఫిబ్రవరిలో తీసిన పది ఎర్ర గొంతు బొమ్మల కంటే ఎక్కువ చెబుతుంది.